ఆయిలింజనుకు ఇంటియొద్దనే పిస్టను మార్చుట

వరిచేను పొట్టకు వచ్చిన దినములలో కాలువ గట్టుమీది ఆయిలింజను నీరు తోడుట మానివేసినచో ఆ రైతునకు కలుగు తొందర యెట్టిదో సభ్యులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తొందరలో బస్తీనుండి మేస్త్రీని పిలిపించి, అతడు తెచ్చిన పిస్టనును రింగులను వేయించి, అడిగిన సొమ్ము చెల్లించి, పొగ తగ్గినదని సంతోషింతుము. రెండు మాసములు గడచునప్పటికి మరల అదే నీలిపొగ, అదే నూనె ఖర్చు. అప్పుడు పిస్టను నాసిరకపుదని దుకాణదారుని నిందించుట పరిపాటియైనది. కాని మేము దగ్గరనుండి విప్పించి చూచిన ఇంజనులలో పెక్కింటియందు తప్పు పిస్టనుది కాదు. అరిగిన సిలిండరును కొలువకుండ అందులో క్రొత్త పిస్టనును దించుటయే తప్పు. పిస్టను మార్చుటకు ఒక దినము పట్టును. కొలుచుటకు అరగంట చాలును. ఆ అరగంటనే మనవారు మిగుల్చుకొనుచున్నారు.

నేడు పెక్కు బావులకు విద్యుత్తు మోటారులు వచ్చినవి. అయినను కాలువ చివరి భూములలోను, లంకలలోను, తీగ చేరని చోట్లను, తీగ యున్నను కరెంటు వేళకు రాని చోట్లను ఐదు అశ్వశక్తుల ఒంటి సిలిండరు డీసెల్ ఇంజనే రైతునకు ఆధారము. మేము దానినే దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. ట్రాక్టరునకును మోటారు కారునకును పద్ధతి ఇదియే; అందు సాధారణముగ సిలిండర్లు ఒకటికంటె ఎక్కువ యుండును గాన ఏ పిస్టను ఏ సిలిండరుదో గురుతు వేసికొను శ్రమ మాత్రము అధికము.

పిస్టను చేయు పని యెంత కఠినమో లెక్క వేసి చూచిన తెలియును. మనప్రాంతమున కానవచ్చు ఐదు అశ్వశక్తుల ఇంజనులలో ఒక రకమునకు సిలిండరు లోవ్యాసము 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు, వేగము నిమిషమునకు 1500 చుట్లు. ఒక్కొక్క చుట్టునకు పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవును గాన నిమిషమునకు 330 మీటర్లు, గంటకు దాదాపు 20 కిలోమీటర్లు నడచును. రాత్రియంతయు పది గంటలు నీరు తోడినచో ఆ రింగులు సిలిండరు గోడను రాచుకొనుచు 200 కిలోమీటర్లు పోయినట్లే. పాతకాలపు లిస్టరు రకము పెద్ద చక్రముల ఇంజనునకు వేగము 650 చుట్లు మాత్రమే. దాని నడక ఐదున్నర అంగుళములైనను గంటకు 11 కిలోమీటర్లకు మించదు. తాతలనాటి ఇంజను మనుమల కాలమునకును తిరుగుచుండుటకు గల కారణములలో ఇది యొకటి.

డీసెల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టను గాలిని సుమారు పదునారవ వంతునకు నొక్కగా ఆ గాలి ఐదువందల సెంటీగ్రేడు డిగ్రీలకు పైబడి కాగును. అందులో పడిన నూనె తనంతట తానే మండును. రింగుల ప్రక్కనుండి గాలి జారిపోయిన ఆ వేడి పుట్టదు. అందుచేతనే రింగులు అరిగిన ఇంజను ఉదయపు చలిలో ఎంత త్రిప్పినను అంటుకొనదు.

ఇక విప్పుటకు ముందు విప్పవలసినదో కాదో తెలిసికొనవలెను. నల్లపొగ వచ్చినంతమాత్రమున పిస్టనును అనుమానింపరాదు. అది తరచుగా నాజిలు చెడుటచేతనో, గాలి చాలకపోవుటచేతనో, మోయలేని బరువుచేతనో వచ్చును. నీలిపొగ విడువక వచ్చుచు, క్రాంకుపెట్టె ఊపిరిగొట్టమునుండి పొగ కొట్టుచు, కందెననూనె దినదినము తగ్గుచుండిన రింగులను అనుమానింపవచ్చును. కవాటములు కారినను ఇంజను బలము తగ్గును గాన, ఈ రెంటిని విడదీయుటకు ఒక పరీక్ష కలదు. నూనె కట్టివేసి, చక్రమును చేతితో మెల్లగ త్రిప్పి, గాలి ఎదురుతన్ను బలమును చూడుడు. పిమ్మట నాజిలు విప్పి ఆ రంధ్రమున ఒక్క చెంచా కందెననూనె పోసి, నాలుగు చుట్లు ఊరక త్రిప్పి, నాజిలు బిగించి మరల చూడుడు. ఎదురుతన్ను హెచ్చినచో తప్పు రింగులది, మారనిచో కవాటములది. చెంచాకు మించి పోయరాదు. నూనె గాలివలె నలుగదు; అది పిస్టనుపై నిండినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

విప్పుటకు చేను గట్టు తగదు. ఇసుకయు దుమ్మును లేని పంచగాని కొట్టముగాని చూచుకొని, క్రింద కడిగిన గోనె పట్టా పరచి, విప్పిన వస్తువులను విప్పిన వరుసనే పెట్టవలెను. మొదట నీటిని, కందెననూనెను దింపివేసి, డీసెల్ గొట్టములను విప్పి వాని మూతులకు శుభ్రమైన గుడ్డ కట్టుడు. పొయ్యి, చుట్ట, లాంతరు దరిదాపుల నుండరాదు. హెడ్డు నట్లను ఒక్కసారిగ వదలక అన్నింటిని కొంచెము కొంచెముగ వదలించి పిమ్మట తీయవలెను. లేనిచో హెడ్డు వంకరపోవును. హెడ్డు ఎత్తిన తరువాత సిలిండరు పైయంచున వ్రేలు పెట్టి చూచినచో ఒక మెట్టు తగులును. అది రింగులు చేరని చోట అరుగక మిగిలిన గోడయు, దానిపై పేరుకొన్న మసియు. మసిని గీకివేసి, మెట్టు పెద్దదైన దానినికూడ తగ్గించి, అటుపిమ్మటనే పిస్టనును పైకి త్రోయవలెను. అట్లు చేయక క్రిందనుండి సుత్తితో కొట్టుటచేత రింగు గాడులు పగిలిన పిస్టనులను మేము చూచియున్నాము.

క్రాంకుపెట్టె తలుపు తీసి కనెక్టింగు రాడ్డు బోల్టులు విప్పునప్పుడు ఒక జాగ్రత్త. రాడ్డునకును దాని క్రింది టోపీకిని ఒకే అంకె చెక్కియుండును. ఆ అంకెలు ఏ వైపున నున్నవో కాగితముపై వ్రాసికొనుడు. టోపీ త్రిప్పి బిగించినచో బేరింగు గుండ్రదనము పోయి క్రాంకు కాలిపోవును. పెద్ద చక్రమునకు రెండువైపులను రాళ్లు ఒత్తు పెట్టుట మరువరాదు. లోపల చేయియుండగా చక్రము కదలిన వ్రేళ్లు దక్కవు.

ఇప్పుడు కొలత. బోరు గేజి, మైక్రోమీటరు ఉన్నవారు వానితో కొలువవచ్చును. అవి లేని రైతు ఒక రింగుతోను, ఫీలరు గేజితోను సిలిండరు అరుగుదలను చాలవరకు కనిపెట్టగలడు. రింగు గుండ్రముగ నుండి ఒకచోట తెగియుండును గదా. ఆ రింగును సిలిండరులో పెట్టి, పిస్టనును తలక్రిందు చేసి దానితో సమముగ త్రోసినచో రింగు వంకర లేక నిలుచును. మొదట సిలిండరు అడుగున, రింగులు తిరుగని చోట నిలిపి, తెగిన కొనల నడుమ సందు ఎంతయున్నదో ఫీలరు రేకులతో కొలువుడు. తరువాత అదే రింగును పైకి తెచ్చి, మెట్టునకు కొంచెము దిగువను నిలిపి మరల కొలువుడు. రెండు సందుల తేడాను 3.14 చేత భాగించిన వచ్చునది ఆ చోట వ్యాసము ఎంత పెరిగినదో చెప్పును. వ్యాసము ఒక పాలు పెరిగిన చుట్టుకొలత 3.14 పాళ్లు పెరుగుననుటయే ఇందలి గుట్టు.

డెల్టాలో కాలువ చివరనున్న యొక గ్రామమున ఒక సభ్యుని ఇంజనును ఇట్లు కొలిపించితిమి. అడుగున సందు 0.35 మిల్లీమీటరు, పైన 1.10 మిల్లీమీటరు. తేడా 0.75, భాగించగా సుమారు 0.24 మిల్లీమీటరు. అనగా అంగుళములో వెయ్యవ వంతులు దాదాపు తొమ్మిదిన్నర. ఆ ఇంజనుకు అంతకు పూర్వము ఒకే పంటలో రెండుసార్లు రింగులు మార్చియుండిరి. రెండుసార్లును ఎవ్వరును కొలువలేదు. పైన వెడల్పు, క్రింద ఇరుకు అయిన సిలిండరులో రింగు పైకి పోయినప్పుడెల్ల విచ్చుకొని, క్రిందికి వచ్చినప్పుడెల్ల ముడుచుకొనవలెను. నిమిషమునకు 1500 చుట్లనగా సెకనునకు 25 మారులు! ఏ రింగైనను దానికి ఎంతకాలము తాళును? అదియుగాక పాత రింగు అంచు అరిగి గుండ్రనైయుండును. క్రొత్త రింగు అంచు చతురము. అది పైమెట్టునకు తగిలి విరుగును.

ఈ రింగు కొలత సిలిండరు గుండ్రదనమును మాత్రము చెప్పజాలదు. కనెక్టింగు రాడ్డు ప్రక్కవాటుగ నెట్టుటచేత సిలిండరు క్రాంకునకు అడ్డముగ నున్న వైపుననే ఎక్కువ అరిగి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చును. దానికి బోరు గేజియే కావలెను. ఇట్టి గేజి, ఒక మైక్రోమీటరు, బిగింపు ఎంతో చూపు పానా — ఈ మూడును ఒక్క రైతు కొనుట వ్యర్థము. ఏడాదికి ఒక్కనాడైనను వానితో పని పడదు. ఇరువది ఇంజనులున్న గ్రామమున సంఘమే కొని, బీరువాలో నుంచి, చేవ్రాలు పుచ్చుకొని ఇచ్చుచుండిన ఆ ఖర్చు చెడిన పిస్టను కిట్లలోనే తిరిగివచ్చును. ఎరువు బస్తాలకు కలిసిన సభ్యులు దీనికేల కలియరో మాకు తెలియదు.

కొలిచిన పిమ్మట ఏమి చేయవలెను? అరుగుదల హద్దు ఇంజనుతో వచ్చిన పుస్తకములో నుండును; అదియే ప్రమాణము. పుస్తకము పోయినచో ఈ పరిమాణపు ఇంజనులకు అంగుళములో వెయ్యవ వంతులు పది, అనగా మిల్లీమీటరులో పావు వంతు సమీపించిన తరువాత ఉత్త రింగులతో సరిపుచ్చరాదని పనివారు సాధారణముగ అందురు. గ్రుడ్డు ఆకారము తేలినచో అంతకు ముందే మార్చవలెను. సిలిండరులో విడిగ లైనరు గొట్టమున్న ఇంజనునకు లైనరు, పిస్టను, రింగులు, పిన్ను జతగనే వచ్చును, జతగనే మార్చవలెను. లైనరు లేనిచో లేతు పనివానిచేత సిలిండరును పెద్దది చేయించి, పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు చొప్పున పెద్దవిగ వచ్చు పిస్టనులలో తగినదానిని వేయవలెను. ఇందులో వరుస ముఖ్యము. ముందు పిస్టను కొని, దానిని సిలిండరుతోకూడ పనివానికి ఇచ్చి, ఆ పిస్టనును కొలిచి దానికి తగినట్లు కోయుమని చెప్పవలెను. సిలిండరు ముందు కోయించి తరువాత పిస్టనును వెదకుట, చెప్పులు కొని కాళ్లను వెదకినట్లుండును.

కొనుటకు ముందు మరియొక ప్రశ్న కలదు. ఇది యేల అరిగినది? దీనికి సమాధానము దొరకకుండ క్రొత్త పిస్టను వేసినచో డబ్బును కాలువలో వేసినట్లే. పైని చెప్పిన ఇంజను గంటకు ఇరువది వేల లీటర్లకు పైబడిన గాలిని పీల్చును. నూర్పిడి దినములలో ఆ గాలితో పోవు దుమ్ము నూనెతో కలిసి ఆకురాయి ముద్దయై రింగులను, గోడను ఒరయును. పై రింగు, సిలిండరు పైభాగము మిక్కిలి అరిగి, పిస్టను పక్కలు మాసి గీతలుపడినచో దుమ్ము అనుమానింపదగును. మేము చెప్పిన సభ్యుని ఇంజనుకు గాలి వడపోతపెట్టె ఉన్నది; అందు నూనెయు గురుతు వరకున్నది. కాని పెట్టెకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు గొట్టము అడుగుప్రక్కను, కంటికి కానరాని చోట, నెర్రె విచ్చియున్నది. చేయి పెట్టి తడిమిన ఆయన కుమారునికి మొదట తగిలినది. వడపోతను తప్పించుకొని గాలియంతయు ఆ నెర్రెనుండియే పోవుచుండెను. స్వల్పమైన గొట్టము వలన రెండు జతల రింగులును, ఒక లైనరును పోయినవి. ఆ యేట చివరి రెండు తడులు అందక ఎకరమునకు అతడు పోగొట్టుకొన్న ధాన్యము వేరు.

దుమ్ము తరువాత రెండవ శత్రువు చల్లదనము. ఇది వినుటకు వింతగ నుండును. పంపు తోడిన చల్లని నీటిని ధారాళముగ ఇంజనులోనుండి పోనిచ్చిన దానికి మేలని మనవారి నమ్మకము. సిలిండరు గోడ చల్లగ నున్నచో మంటలో పుట్టిన నీటియావిరి గోడపై చెమ్మయగును. డీసెలులోని గంధకము ఆ చెమ్మతో కలిసి ఆమ్లమై ఇనుమును తినును. ఇంజనునుండి వెలువడు నీటిలో చేయి క్షణము ఉంచి తీసివేయవలసినంత వేడి యుండుట మంచిది. అందుకు తగినట్లు నీటి కొళాయిని తగ్గించుకొనవలెను. ఉప్పునీటి బావులవారు నీటిదారిలో సున్నపు పెచ్చు కట్టకుండ చూచుకొనవలెను, ఏలయన పెచ్చు కట్టిన చోట గోడ కాలిపోవును.

బిగించుటకు వత్తము. లైనరు మార్చునప్పుడు దాని కూర్చుండు చోట మసి, త్రుప్పు లేకుండ గీకి, రబ్బరు వలయములను సబ్బునీటితో తడిపి, మెలి పడకుండ చేతితో నొక్కి దింపవలెను. పిస్టను పెట్టక ముందే నీరు పోసి ఒక గంట యుంచి క్రింద చెమ్మ కారకుండుట చూచుకొనిన, తరువాత మరల విప్పు శ్రమ తప్పును. పిస్టను పిన్ను బిగుతుగ నున్నచో కొట్టరాదు. పిస్టనును మరుగునీటిలో కొంతసేపు ఉంచి, గుడ్డతో పట్టి తీసిన, అల్యూమినియము ఉక్కుకంటె ఎక్కువ వ్యాకోచించును గాన పిన్ను బొటనవ్రేలితో పోవును. పిన్ను రెండు చివరల తీగ బందులు గాడిలో పూర్తిగ కూర్చున్నవో లేవో వ్రేలితో త్రిప్పి చూడుడు. అవి ఊడినచో క్రొత్త సిలిండరునకు నిలువు చాలు పడును.

క్రొత్త రింగులనుకూడ సిలిండరులో పెట్టి సందు కొలువవలెను. అంగుళము వ్యాసమునకు వెయ్యవ వంతులు మూడునుండి నాలుగు వరకు సందుండుట సామాన్యము. 80 మిల్లీమీటర్ల సిలిండరునకు అది సుమారు మిల్లీమీటరులో మూడవ వంతగును. సందు చాలక కొనలు కలిసినచో వేడికి రింగు పెరిగి బిగిసి గోడను చీల్చును. అట్టి కొనను సన్నని ఆకురాయితో రాయవలెను. రింగు పోత ఇనుము. మితిమీరి విప్పిన విరుగును. మూడు సన్నని రేకుముక్కలను పిస్టను చుట్టును నిలిపి వానిపై జార్చినచో సుళువుగ గాడిలో పడును. పైకని గురుతున్న ప్రక్క పైకే యుండవలెను. సందులన్నియు ఒకే వరుసలో నుండక తలొక దిక్కున నుండవలెను. ఒకే వరుసయైన గాలికి రాజమార్గము వేసినట్లే.

పిస్టను తలపై బాణముగాని గుంటగాని యున్న అది పుస్తకములో చూపిన దిక్కునకే యుండవలెను. రింగులపై శుభ్రమైన నూనె పోసి, ఒక రేకును చుట్టి గొట్టపు బందుతో బిగించి, సుత్తి కఱ్ఱపిడితో మెల్లగ నెట్టుడు. దిగుచు దిగుచు ఒకచోట ఆగినచో ఆపుడు. ఒక రింగు వెలుపలికి వచ్చినదన్నమాట. అప్పుడు బలము చూపినవాడు ఒక రింగును తప్పక విరుచును.

హెడ్డు బిగించుటకు ముందు పిస్టను తలకును హెడ్డునకును నడుమ మిగులు ఖాళీని చూడవలెను. సన్నని సీసపు తీగముక్కలు రెండు పిస్టనుపై, పిన్ను వరుసన, కవాటములకు తగులని చోట కొంచెము మైనముతో అంటించి, గాస్కెట్టుతో హెడ్డు బిగించి, చక్రమును చేతితో ఒక్కసారి త్రిప్పి తీసిన, నలిగిన సీసపు మందమే ఆ ఖాళీ. పుస్తకములోని అంకెకు తక్కువైన పిస్టను హెడ్డును కొట్టును. ఎక్కువైన గాలి చాలినంత నలుగక ఇంజను అంటుకొనదు. గాస్కెట్టు మందము, లేక సిలిండరు క్రింది రేకులు మార్చి దీనిని సరిచేయుదురు. హెడ్డు నట్లను నడుమనుండి వెలుపలికి, ఎదురెదురుగ, మూడు దఫాలుగ బిగింపవలెను.

క్రొత్త పిస్టనుతో మొదటి దినమున చేనంతయు తడుపుదమని ఆత్రపడరాదు. అట్లని బరువు లేకుండ గంటల తరబడి ఊరక తిరుగనిచ్చుటయు మంచిది కాదు. రింగులు గోడకు ఒదుగక గోడ నునుపెక్కి నూనె త్రాగుటకు మొదలిడును. గుండ్రని చక్రపు పంపునకు నీరు వెలువడు కొళాయి తగ్గించిన ఇంజనుమీది బరువు తగ్గును. కొన్ని గంటలు సగము కొళాయితో, పిదప క్రమముగ హెచ్చించుచు నడపుడు. పంపు కాగిపోవును గాన కొళాయి పూర్తిగ మాత్రము మూయకుడు. ఇంజను మొదటిసారి కాగి చల్లారిన తరువాత హెడ్డు నట్లను మరల చూచి, కవాటపు సందులను సరిచేయవలెను. మొదటి నూనెలో లోహపు పొడి దిగును గాన దానిని పుస్తకములో చెప్పినదానికంటె త్వరగనే మార్చుడు. ఆ నూనెను కాలువలో పోయరాదు. డబ్బాలో నుంచినచో బండి ఇరుసులకు పనికివచ్చును. ఇంజను పుస్తకము చివరి తెల్లకాగితముపై తేదీ, వేసిన పిస్టను పరిమాణము, రింగు సందులు, సీసపు మందము సిరాతో వ్రాసి, పుస్తకమును ఇంజను గదిలో గాక ఇంటి పెట్టెలో దాచుడు. గదిలోనివి ఎలుకలు కొట్టును.